ఆర్విడ్ మోసిన నీళ్ళు

మా కెప్టెన్ ఆర్విడ్ అబద్ధాలాడే మనిషి కాదు. నిజాన్నొకదాన్ని నాటి రోజూ ఇన్ని నీళ్ళు పోస్తారు, అంతే. అది తీగసాగి పక్కింటి కప్పెక్కితే ఆయనేం చేస్తారు పాపం.

ఆ జూన్ మొదటి శనివారం పొద్దున తొమ్మిది మందిమి తోట గేటు బయట బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం. సరస్సు మీంచి లేచిన పొగమంచు మా డులూత్ ఊరి వీధులన్నీ తాపీగా ఎక్కుతోంది. మేం దానికంటే ముందే రెండున్నర మైళ్ళు కొండెక్కి వచ్చేశాం, పరుగున, ఎప్పట్లాగే. టమాటా నారు ట్రేలు గోడవారన వరసగా ఉన్నాయి. అవి లోపలికెళ్ళాలి. గేటుకి తాళం ఉంది. తాళంచెవి ఎర్ర బూటు లేసుకి కట్టి కెప్టెన్ మెడలో వేలాడుతోంది. కెప్టెన్ మాత్రం మూడోసారి కాఫీ పోసుకుంటున్నారు.

కారణం అందరికీ తెలుసు. మా రన్నింగ్ గ్రూపునీ ఈ తోటనీ మొదలెట్టిన డోరీన్ ఒక రూలు పెట్టింది. తాళంచెవి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు పరుగెత్తుకుంటూనే తోటకి రావాలి. పరుగు మానేసిన రోజున ఇంకొకరి మెడలో వెయ్యాలి. కారులో వచ్చేవాళ్ళు బుద్ధి పుట్టినప్పుడు వస్తారు, పరుగెత్తేవాళ్ళు శనివారం ఆరున్నరకి వాన పడ్డా వస్తారు, మొక్కలకి కావలసింది అదీ, అనేదట ఆవిడ. డోరీన్ పోయి పదకొండేళ్ళయింది, రూలు పోలేదు. మొన్న చలికాలంలో కెప్టెన్ ఎడమ మోకాలు మార్పించుకున్నారు. ఇవాళ కారులో వచ్చారు. ముప్ఫై ఏడేళ్ళలో మొదటిసారి.

తాళంచెవి ఇక మారిట్‌ది. మా అందరిలోకీ వేగం ఆ అమ్మాయిదే. పాపం మారిట్ ఆయన మెడవైపు చూడకుండా ఉండటానికి ట్రేలో నారు లెక్కపెడుతోంది. ఎవరైనా అడుగుదామంటే కెప్టెన్ సందు ఇస్తేనా?

“మీకేం నాయనా, కుళాయి తిప్పితే నీళ్ళు,” అంటూ అందుకున్నారు. “ఆ కరువు ఏడాది మీరు పుట్టనే లేదు. మే నుంచి ఆగస్టు దాకా చుక్క రాలితే ఒట్టు. తోటలో కుళాయి లేదు. అప్పుడు డోరీన్ ఏమందో తెలుసా? ‘ఇవాళ్టి నుంచి ఎవరూ ఖాళీ చేతులతో కొండెక్కొద్దు’ అంది. చేతికో పాల డబ్బా పట్టుకుని, సరస్సులో ముంచుకుని, పరుగున పైకి రావడం. నేనూ రెండు డబ్బాలు మోశాను. గొప్పేం లేదు, రెండంటే రెండే.”

“రెండేనా?” అన్నాను, కాస్త నిరాశగా.

“మొదటి ట్రిప్పులో, అబ్బాయ్. మొదటి ట్రిప్పులో.”

అమ్మయ్య అనుకుని బకెట్ ముందుకి జరుపుకున్నాను. గ్రూపులో అందరి టైములూ రాసేది నేనే. ఒక్క సెకను కూడా తగ్గించి రాయనని నాకు చెడ్డపేరు కూడా ఉంది. అందుకని కెప్టెన్ కోతలు మొదలెడితే నా వైపు చూడకుండా చెప్పడం అలవాటు చేసుకున్నారు.

“మిగతావాళ్ళు ఒక ట్రిప్పుకే నాలుకలు బయటపెడితే నేను రెండోసారి దిగాను, మూడోసారి దిగాను, ఏడు ట్రిప్పులయ్యేసరికి లోరైన్ బేకరీలో మొదటి వాయి రొట్టె కూడా బయటికి రాలేదు. అవునా లోరైన్?”

లోరైన్ కేకు కోస్తోంది. ఎనభై రెండేళ్ళావిడ. పరుగుకీ ఆవిడకీ ఉన్న చుట్టరికమల్లా పరుగెత్తి వచ్చినవాళ్ళకి తిండి పెట్టడమే. బేకరీ అమ్మేసి పదేళ్ళయినా శనివారం ఎర్రటి రూబార్బ్ కాడల కేకు మాత్రం మానలేదు.

“నేను కేకు కోస్తున్నాను ఆర్వీ, నువ్వు నీది కోసుకో,” అంది తలెత్తకుండా.

“విన్నారుగా, ఒప్పుకుంది. ఇక ఎనిమిదో ట్రిప్పులో ఏమైందంటే, ఒక డబ్బాకి చిల్లు పడింది. అడుగున, ఇంత చిల్లు. ఇంకొకడైతే పారేసేవాడు. నేనేం చేశాను? వేగం పెంచాను. చిల్లులోంచి నీళ్ళు కారాలంటే కాస్త టైము కావాలి కదా, ఆ టైము నేనివ్వలేదు. తోటకొచ్చి ఆగాక కారింది, అదీ పాదులోనే.”

“ఒక్క చుక్క కూడా దారిలో పడలేదా?” అంది మారిట్.

“మంచి ప్రశ్న. మూడు చుక్కలు పడ్డాయి, ఆరో వీధి మలుపులో కాలు జారినప్పుడు. ఆగస్టులో ఆ మలుపులో సిమెంటు పగులగొట్టుకుని మూడు టమాటా మొక్కలు లేచాయి. పోస్టుమాన్ కోసుకు తినేవాడు.”

“పోస్టుమాన్ పేరేంటి?” అన్నాను.

“చచ్చిపోయాడు,” అన్నారు కెప్టెన్ వెంటనే. “ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీమలు! కొండ కింద నుంచి తోట గేటు దాకా రోడ్డుకి రెండు పక్కలా బారులు తీరి నిలబడేవి. ఎందుకో చెప్పండి. నా పరుగు చూడ్డానికి! ఒట్టు, ఊళ్ళో ఎవర్నైనా అడగండి, చీమలొచ్చిన మాట అందరికీ తెలుసు. చీమల్ని చూసి జింకలొచ్చాయి. ఒక కొమ్ముల జింక నా అడుగుల్ని నాకుతూ వెంటపడింది. సరే, పందెమేద్దామా అన్నాను. ఇద్దరం ఉత్తరానికి తిరిగాం. నూట యాభై మైళ్ళు. కెనడా సరిహద్దు దగ్గర దానికి గుర్తింపు కార్డు లేదని ఆపేశారు, లేకపోతే ఇంకా పరుగెత్తేవాళ్ళమే. ఓడిన జింక మాటిచ్చింది, ఈ తోటలో లెట్యూస్ ఆకు ముట్టనని.”

“పోయిన వారమే తినేశాయి కదా కెప్టెన్, మొత్తం వరస,” అంది మారిట్.

“అవి కొత్త జింకలమ్మా. పాతవాళ్ళ మాట ఎవరికి కావాలి ఈ రోజుల్లో?”

అందరం నవ్వాం. ఆయన కాఫీ గుక్కెడు తాగి, పొగమంచులోకి, కొండ కిందకి చూశారు. ఈసారి గొంతు కాస్త దిగింది.

“అప్పుడు ముప్ఫై నాలుగు మందిమి. మొదటివాడు గేటు దగ్గరుంటే ఆఖరివాడు ఇంకా రైలు పట్టాలు దాటుతుండేవాడు. పైన ఒకడు పాటెత్తుకుంటే అది కింది దాకా చేరేసరికి వేరే పాటైపోయేది. ఊరింకా లేవలేదు. అరవై ఎనిమిది డబ్బాల్లో నీళ్ళు గొడగొడమని ఒకటే చప్పుడు. గేటు దగ్గర డోరీన్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈలేసేది, త్వరగా రండర్రా, బీన్స్ మిమ్మల్నే చూస్తున్నాయని. ఇప్పటికీ నేను పాల డబ్బా ఎత్తితే ఆ ఈల వినిపిస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ ముందు కూడా.”

ఆయన చెయ్యి ఎర్ర లేసు మీదికి వెళ్ళింది. మారిట్ మళ్ళీ నారు లెక్కపెట్టడంలో పడింది. కెప్టెన్ అది చూసి ఉలిక్కిపడ్డట్టు గొంతు పెంచేశారు.

“గుమ్మడి తీగ సంగతి చెప్పలేదు కదూ! అన్ని నీళ్ళు తాగి అది ఆగుతుందా? కంచె దాటింది, వీధి దాటింది, కొండ దిగడం మొదలెట్టింది. నేను ముందు, తీగ వెనక. నేను డబ్బాలతో కిందికి దిగుతుంటే అది నా మడమలు పట్టుకోబోయేది. ఒకరోజు నేను ఒడ్డు చేరేసరికి నాకంటే ముందే అక్కడ పువ్వు పూసి ఉంది! నేను ఓడిపోయింది జీవితంలో దానికొక్కదానికే. నిజాయితీగా ఒప్పుకుంటున్నాను, రాసుకో అబ్బాయ్.”

“రాసుకున్నాను. గుమ్మడి తీగ మొదటి స్థానం, కెప్టెన్ రెండో స్థానం.”

“ఆ. అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఆగస్టు పదిహేనున ఓడరేవు అధికారి ఇంటికి ఫోన్ చేశాడు. ‘అయ్యా, తమరేనా ఆర్విడ్? దయచేసి ఒక్క వారం ఆపండి’ అన్నాడు. ఏమైందంటే, సరస్సు నాలుగంగుళాలు దిగిపోయింది! ఇనుప ఖనిజం ఓడ ఒకటి వంతెన కింద అడుగు ఆనించుకుని కూర్చుంది, వెనక పదకొండు ఓడలు హారన్లు కొడుతున్నాయి. మీరైతే ఏం చేస్తారు? నేను రెండు డబ్బాలు తిరిగి తీసుకెళ్ళి పోశాను. ఓడ లేచింది! ఆ ఓడ కెప్టెన్ టోపీ తీసి నాకు ఊపాడు. ఆ సాయంత్రమే డోరీన్ తన మెడలోంచి ఈ లేసు తీసి నా మెడలో వేసింది. ‘ఆర్విడ్, కొండెక్కి పరుగెత్తిన కాళ్ళు నీవి, తాళం నీది’ అంది. అదీ కథ. కాళ్ళను చూసి ఇచ్చింది. ఈ కాళ్ళను చూసి.”

ఆఖరి మాట దగ్గర చెయ్యి తెలియకుండానే ఎడమ మోకాలి మీద పడింది.

లోరైన్ కత్తి తుడిచి పెట్టెలో పెట్టింది. “ఆర్వీ,” అంది మెల్లగా, “ఆ చీమలు నీ పరుగు చూడ్డానికి రాలేదురా.”

“మరెందుకొచ్చాయంటావు?”

“పంచదారకి. అవి నా ఐసింగ్ బకెట్లు. కేకుల మీద రాసే ఐసింగ్. తొందర్లో సరిగ్గా కడగలేదు. ఇరవై నాలుగు బకెట్లు, బేకరీ కుళాయి నీళ్ళు, నా వ్యాను. నడిపింది నేను. పక్క సీట్లో కూర్చుని దాల్చినచెక్క రొట్టెలు తిన్నది నువ్వు. వీధి మలుపులో దిగి, నెత్తిమీద కాసిని నీళ్ళు చిలకరించుకుని, రెండు డబ్బాలు పట్టుకుని గేటు దాకా రొప్పుతూ పరుగెత్తేవాడివి. మిగతా బకెట్లు మనిద్దరం వెనక కంచె మీంచి దించేవాళ్ళం. జింక నాకింది కూడా నీ బూట్ల మీది ఐసింగే.”

నవ్వాలో వద్దో తెలియలేదు. కెప్టెన్ చెవులు రూబార్బ్ కాడల్లా ఎర్రబడ్డాయి.

“ఎన్నాళ్ళు?” అన్నాను.

“ఆ వేసవంతా,” అంది లోరైన్.

“డోరీన్‌కి తెలియదు,” అన్నారు కెప్టెన్, చాలా చిన్నగా. “పాపం, నన్ను నమ్మింది.”

“మొదటి రోజే తెలుసు. ఆ మధ్యాహ్నమే నాకు ఫోన్ చేసింది, రేపట్నుంచి మూతలున్న బకెట్లు తెమ్మని. నీళ్ళు దారంతా ఒలుకుతున్నాయట. నీతో అనొద్దంది, నీ పరుగు పాడవుతుందని.” లోరైన్ ఆయన పక్కన బకెట్ మీద కూర్చుంది. “డబ్బాల నీళ్ళు ఎండకి ఆనడం లేదని ముప్ఫై నాలుగు మందికీ తెలుసు. డోరీన్ మాట దాటడానికి మొహమాటపడి అందరూ డబ్బాలే మోస్తున్నారు. తెల్లారగట్ల నాలుగింటికి వచ్చి నా తలుపు తట్టినవాడివి నువ్వొక్కడివే. ‘లోరైన్, బీన్స్ చచ్చిపోతున్నాయి’ అన్నావు, ఏడుపు గొంతుతో. అదే నేను ఆవిడకి చెప్పాను. లేసు నీ మెడలో పడింది అందుకు. నీ కాళ్ళు చూసి కాదు, వెర్రివాడా.”

కెప్టెన్ లేసు తల మీంచి తీశారు. మెడ చుట్టూ తెల్లటి చార కనపడింది.

“అయితే ఇది ఏ రోజూ నా కాళ్ళది కాదు...” అని ఆగి, “ఇదిగో మారిట్. గేటు ఎడమ పక్క కాస్త భుజంతో ఎత్తి తిప్పాలి, లేకపోతే తిరగదు,” అన్నారు.

మారిట్ చెయ్యి చాచలేదు. నారు ట్రే కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

“ఒక్క నిమిషం. మలుపు నుంచి గేటు దాకా పరుగెత్తితే డోరీన్‌కి సరిపోయిందన్నమాట.”

“సరిపోయింది,” అంది లోరైన్.

“మరి రూలు అదేగా. ఎక్కడ్నించి పరుగెత్తాలో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.” మారిట్ మలుపువైపు వేలు చూపించింది. నలభై అడుగులుంటుంది, ఏటవాలు కూడా లేదు. “మీ డాక్టరు ఏమన్నాడు కెప్టెన్?”

“నలభై అడుగులకి బెంగ లేదన్నాడు. నాలుగు వందలైతే కనపడొద్దన్నాడు.”

కెప్టెన్ లేసు మళ్ళీ మెడలో వేసుకుని మలుపు దాకా నడిచారు. నడుస్తూనే రెండుసార్లు వెనక్కి చూశారు, మేం నవ్వుతున్నామేమోనని. ఎవరం నవ్వలేదు. లోరైన్ గోడవారనున్న ఖాళీ పాల డబ్బాలు రెండింట్లో గేటు బయటి కుళాయి నీళ్ళు తలా కాస్త పట్టి తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టింది. ఖాళీ చేతులతో రాకూడదు కదా. తర్వాత రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈలేసింది.

నేను వాచీ నొక్కాను.

దాన్ని పరుగనడానికి పెద్ద మనసుండాలి. కొత్త మోకాలు ఒక లెక్కలో, పాత మోకాలు ఇంకో లెక్కలో. మధ్యలో ఒక పిల్లి ఆయన్ని దాటుకుని తాపీగా ముందుకెళ్ళింది. డబ్బాల్లో నీళ్ళు మాత్రం గొడగొడమన్నాయి. ఆయన గేటు చేరి, డబ్బాలు దించి, ఎడమ పక్క భుజంతో ఎత్తి తాళం తిప్పారు. కిర్రుమని తెరుచుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి, రొప్పుతూ, నా వైపు సూటిగా చూశారు.

“ఎంత?”

వాచీలో ముప్ఫై ఎనిమిది సెకన్లు.

“తొమ్మిది,” అన్నాను.

లోరైన్ కనుబొమ్మ ఎగరేసి నన్ను చూసింది.

“ఎదురుగాలి,” అన్నాను. “లేకపోతే ఎనిమిదే.”