ముందు పెట్టిన పేరు

మ్యూజియంలో పురుగుల గది. సాయంత్రం తన వీడ్కోలు సభ ఉందనగా డైరెక్టరు, భార్య పోయి ఏడాదైన పాత ఉద్యోగి బల్ల దగ్గరికి వచ్చాడు.

"కప్ప పేగులో దొరికిన కొత్త పురుగుకి నా పేరు పెడతావా?"

"పేగు చివర్లో సార్. ఎక్కడుంటుందో కచ్చితంగా రాయమని మీరే నేర్పారు."

"వెటకారమా?"

"అయ్యో, లేదు సార్. దానికి కళ్ళుండవు, కాళ్ళుండవు. ఎవరో కష్టపడి తిన్నది మింగి బతుకుతుంది. వర్ణన రాస్తుంటే మీరే కళ్ళముందు మెదిలారు."

"కొట్టెయ్ ఆ పేరు."

"రేపు అచ్చుకి వెళ్తుంది. అచ్చయ్యాక బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు."

"నా మనవలు చదువుతారయ్యా!"

"సీతాకోకచిలుక సంగతీ చదువుతారుగా."

"అదిగో! తిరిగి తిరిగి అక్కడికే వస్తావని తెలుసు."

"దాన్ని పట్టింది మా ఆవిడ. మోకాలిలోతు బురదలో దిగి పట్టింది. వాళ్ళమ్మ పేరు పెట్టుకుంటానంది. మీరేమో కనిపెట్టింది నేనేనని, మీ అత్తగారి పేరు పెట్టారు. బొద్దింకని చూస్తే మంచమెక్కే మనిషి ఆవిడ!"

"మా అత్తగారి జోలికి రాకు."

"రాను."

"అయినా ఆస్పత్రికొచ్చి అడిగానా లేదా? మీ ఆవిడ పల్లెత్తు మాట అన్లేదు. నవ్వింది. నవ్వి, 'అలాగే పెట్టుకోండి సార్' అంది. ఆవిడకు లేని కక్ష నీకెందుకు?"

"నాకుంది."

"సరే, ఏం కావాలి?"

"ఆ సీతాకోకచిలుక. మీరు పేరు పెట్టిన ఆ ఒక్కటీ. ఏడాదిగా మీ ఇంట్లో, అత్తగారి ఫొటో పక్కన వేలాడుతోందిగా."

"సభలో చూపిద్దామని తెచ్చాను... తీసుకో. తీసుకుని ఏడు. ఇప్పుడు కొట్టెయ్."

"ఇదిగో, కొట్టేశాను, చూసుకోండి. మాటంటే మాటే. కూర్చోండి సార్, ఆయాసపడుతున్నారు. మంచినీళ్ళు తాగండి."

"హమ్మయ్య. ఏయ్, దాన్ని ఆ పెట్టెలో ఎందుకు పెడుతున్నావ్?"

"పిల్లల పక్కన పెడుతున్నాను."

"పిల్లలేంటి?"

"చచ్చేముందు ఇది గుడ్లు పెట్టింది. ఆవిడ పెంచింది. ఈ పసుపు రెక్కలవి ఆడవి, తల్లి పోలిక. ఇవి మగవి. గుర్తుపట్టారా?"

"ఈ మట్టిరంగువి... ఇవి ప్రతి పెరట్లోనూ ఎగిరేవే! వీటికి మా తాతల నాడే పేరుంది."

"అవును సార్. జాతి ఒక్కటే. ఆడది ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడక కొత్తదనుకున్నారు. తల్లి లేకుండా పిల్లల్ని చూపిస్తే ఎవరు నమ్ముతారు? తల్లేమో మీ గోడమీద ఉండిపోయింది."

"అంటే... మా అత్తగారి పేరు..."

"ఒకే జాతికి రెండు పేర్లుంటే, ముందు పెట్టిన పేరే పేరు. బల్ల గుద్ది మరీ చెప్పేవారు మీరు."

"ఆహ్వానపత్రం మీద ఇదే బొమ్మ వేయించానయ్యా! నీకు మతిపోయిందా? నాతోపాటు మీ ఆవిడ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. బతికుంటే ఏడ్చేది, పాపం."

"ఇవి రెక్కలు విప్పింది ఆవిడ మంచం పక్కనే సార్. మీరు పళ్ళు పట్టుకుని, పేరు సంగతి అడగడానికి ఆస్పత్రికొచ్చింది ఆ మర్నాడు."