రెక్క మీద ప్లాస్టర్

పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపు. మెకానిక్కూ, కొనడానికొచ్చిన ఒకావిడా.

“వద్దక్కా, నా మాట విను. అమ్ముకునేవాణ్ణి నేనే వద్దంటున్నానంటే ఆలోచించుకో. గ్రాఫిక్స్ కార్డు కావాలంటే దీనికన్నా మంచివి బోలెడున్నాయి.”

“ఇదే కావాలి. ఇంకోసారి ఆన్ చెయ్యండి. నన్ను అక్కా అనకండి.”

“సరేనమ్మా, సరే. విన్నావా ఆ గరగర? ఫ్యాన్ అరిగిపోయింది. కరెంటు తెగ తాగుతుంది, కొత్త గేము ఒక్కటీ లాగదు. ఇంట్లో ఎవరాడతారు?”

“ఎవరూ ఆడరు.”

“మరి వీడియో పనులా?”

“కాదు. ఆపకండి, కాసేపు తిరగనివ్వండి.”

“ఆడక, పనికీ వాడక, ఏం చేస్తావమ్మా దీన్ని? అద్దాల బీరువాలో పెట్టుకుంటావా?”

“ఫ్యాన్ రెక్క మీద ప్లాస్టర్ ముక్క ఉంటుంది చూడండి. రెక్క పగిలితే మా తమ్ముడు అతికించాడు.”

“ఆపి చూస్తానుండు... అరె, ఉంది! దెబ్బలకి వేసే ప్లాస్టరే. అంటే ఇది మీదేనా? మరెందుకమ్మా అమ్మేశారు?”

“మావారు అమ్మేశారు, నేను ఇంట్లో లేనప్పుడు. వాడు పోయి ఏడాదైంది, ఆ గది ఇంకెన్నాళ్ళిలా అని.”

“అయ్యో... తెలీక ఏదేదో వాగాను. ఏమనుకోకమ్మా.”

“ప్లాస్టర్ పీకకండి!”

“పీకనమ్మా, పీకను. దుమ్ము దులుపుతున్నానంతే. నీ వస్తువు నీకివ్వడానికి బేరమేంటి, పట్టుకెళ్దువుగాని.”

“అమ్మ మా దగ్గరే ఉంటుంది. మతిమరుపు. వాడు పోయాడని పొద్దున చెప్తే సాయంత్రానికి మర్చిపోతుంది. మళ్ళీ చెప్తే మళ్ళీ కొత్తగా ఏడుస్తుంది.”

“అయ్యో పాపం.”

“అందుకే చెప్పడం మానేశా. సాయంత్రం కాగానే వాడి కంప్యూటర్ ఆన్ చేసి, గది తలుపు దగ్గరగా వేసేదాన్ని. అది పోయాక ఇల్లంతా నిశ్శబ్దం. నాకు భయమేస్తోందండీ.”

“కూర్చో, నీళ్ళు తాగు. నువ్వు మాట్లాడుతుంటే ఈలోపు నాకు చేతనైంది నేను చేశా. ఇదిగో, ఆన్ చేస్తున్నా, విను.”

“ఏదీ... ఏం వినిపించట్లేదే?”

“అదే మరి! ఫ్యాన్ ఇరుసులో రెండు చుక్కలు నూనె వేశా. ఆ దరిద్రపు గరగర ఇంక జన్మలో రాదు. చూడక్కా... అదే, చూడమ్మా, ఎంత హాయిగా తిరుగుతోందో! ఏంటమ్మా, ఏడుస్తున్నావ్?”

“తమ్ముడు ఇంటికొచ్చాడా అని అమ్మ అడిగితే, ఆ గరగరే జవాబు చెప్పేదండీ. ఇప్పుడు నేను చెప్పాలి.”