చింపి చూసే పరీక్ష

ఆటగాళ్ళ బొమ్మలుండే పాత కార్డులు అమ్మే కొట్టు. బల్లకి అటువైపు కొట్టు యజమాని. ఇటువైపు, కార్డుల మంచిచెడ్డలు పోల్చే విద్య ఆయన దగ్గర నేర్చుకుంటూ, వీధి వీధంతా ‘భూతద్దం’ అని పిలుస్తున్నా సిగ్గుపడని పెద్దమనిషి.

"చిరిగిందంటే ఎంత చిరిగింది?"

"కొంచెం, గురువుగారూ."

"కొంచెమంటే?"

"కొంచెమంటే... మధ్యకి."

"మధ్యకి చిరిగితే రెండు ముక్కలంటారు నాయనా, కొంచెం అనరు. ఎవరిది?"

"ఎవరిదో అనుకోండి. మాటవరసకి అడుగుతున్నా."

"మాటవరసకి అడిగేవాడికి ఇన్ని చెమటలా! మీ ఆవిడ దాచుకున్న గోల్‌కీపర్ బొమ్మ కార్డు కాదు కదా?"

"ఫ్యాను తిరగట్లేదా ఇవాళ?"

"తిరుగుతోంది. అడిగినదానికి చెప్పు."

"ఆవిడదే."

"ఓరి నీ అసాధ్యం కూలా! వాళ్ళ నాన్న ఇచ్చిందన్నావు కదయ్యా!"

"ఆయన ఇచ్చిందే. బబుల్‌గమ్ పొట్లంలో ఆ కార్డు వచ్చేదాకా కొంటూనే ఉన్నాడట పాపం. పారేస్తే పిల్లకి దుబారా అలవాటవుతుందని కదిలే పళ్ళతో ఆ గమ్మంతా తనే నమిలాడట. ఆయన పోయాక ఈవిడకి మిగిలింది అదొక్కటే. చూస్తే ఏడుపొస్తుందని గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచింది. ఇన్నేళ్ళూ విప్పనేలేదు. ఇప్పుడు పటం కట్టించుకుంటానంటే, ముందు నేను పరీక్షించాలని బయటికి తీయించా."

"మరి దాన్ని చింపడానికి చేతులెలా వచ్చాయి?"

"చేతులు బాగానే వచ్చాయండీ. బుర్రే రాలేదు."

"సరిగ్గా చెప్పి చావు."

"పోల్చి చూసుకోమని దాని నకలొకటి మీరిచ్చారుగా. రెండూ ఒకే డబ్బాలో పెట్టా. నిన్న మూత తీస్తే ఒకటే ఉంది. అది అసలుదా, నకలా?"

"ఆవిణ్ణి అడగొచ్చుగా!"

"ఎలా అడగను? ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళకంటే ముందు నా పాండిత్యం పోస్తున్నానాయె. అలాంటివాణ్ణి వెళ్ళి, ఏమే, ఇది అసలుదా నకలా అంటే పరువేం కాను?"

"అందుకని?"

"భూతద్దం పెట్టి చూశా. వాసన చూశా. నాలుకతో కూడా..."

"నాకావా?"

"కొంచెం."

"నీ కొంచెం తగలెయ్య! వెనకనుంచి టార్చి వేసి చూడమన్నానా? అసలుదైతే వెలుతురు ఇవతలికి రాదని చెప్పానా?"

"వేశానండీ. రాలేదు."

"రాలేదా? మరి తెలిసిపోయిందిగా!"

"టార్చిలో బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నా."

"బ్యాటరీ అయిపోతే టార్చి వెలగనే వెలగదు కదయ్యా!"

"అలా చూడకండి. మూలలు అరిగి, రంగు వెలిసి, అచ్చం నా మొహంలా ఉంది. ఇది నకలేనని తేల్చేశా. ఎందుకైనా మంచిదని మీరు చెప్పిన ఆఖరి పరీక్ష కూడా..."

"చింపి చూసేదా? అది పనికిరాని కార్డుమీద చేసేదని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"పరీక్ష బుర్రకెక్కింది. షరతు ఎక్కలేదు."

"చింపితే?"

"అట్ట మధ్యలో నల్ల పొర కనిపించింది."

"నల్ల పొర ఉంటే?"

"అసలుది. చూశారా, విద్య మాత్రం వచ్చేసింది నాకు. ఇంక ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను గురువుగారూ? జిగురుతో ఏమైనా..."

తలుపు తోసుకుని భూతద్దం భార్య వచ్చింది.

"ఇక్కడున్నారా! పొద్దున్నుంచి పిల్లిలా తిరుగుతుంటే ఏమిటా అనుకున్నా. డబ్బాలో ముక్కలు చూశా లెండి."

"నన్ను తిట్టు. కొట్టు. నీ కాళ్ళు..."

"లేవండి, చాల్లే సంబడం! గురువుగారి ముందు ఏమిటిది? మీ చేతి చలవ నాకు తెలీదా? గోడ గడియారం బాగుచేస్తానని చివరికి మేకు మిగిల్చారు. మా నాన్న కార్డు మీకప్పగించి ఊరుకుంటానా? అసలుది ముందే తీసి దాచుకున్నా. మీరు చింపింది నకలు."

"నిజంగా?"

"ఇదిగో చూడండి, నా సంచీలోనే ఉంది."

"బతికించావే తల్లీ! విన్నారా గురువుగారూ? నా పెళ్ళాం బంగారం!"

"ఒక్క క్షణం ఆగు. నల్ల పొర చూశానన్నావు?"

"వదిలేయండి సార్, నా కళ్ళు ఏనాడు సరిగ్గా చూశాయని!"

"అమ్మా, ఆ కార్డు ఇలా ఇవ్వు. టార్చి వేసి చూస్తాను."

"చూడండి, చూడండి. అబ్బ, వెలుతురు ఎంత బాగా వస్తోందో! బొమ్మంతా దీపం పెట్టినట్టుంది. ఏమండీ, మీరేమిటి మళ్ళీ కూలబడ్డారు?"

"రెండింట్లో ఇదే అసలుదని ఎలా పోల్చావమ్మా?"

"అదేం బ్రహ్మవిద్యండీ! మూలలు పదునుగా, రంగు తళతళలాడుతూ ఉన్నదే గొప్ప కార్డని వంటింటి గుమ్మంలో నిలబడి రోజూ ఈయన చెప్పే పాఠమేగా. అరిగిపోయినదాన్ని ఈయనకి వదిలేసి, తళతళలాడేది నేను తీసుకున్నా!"