గుయ్‌మనే సౌదీ పెట్టె

అమ్మలారా, అన్నలారా, జగిత్యాల నుంచీ సిరిసిల్ల నుంచీ పనులు మానుకుని కోరుట్లకు వచ్చిన గిటారోళ్లారా, భజన మండలి పెద్దలారా, ముందు వరసలో తల వంచుకుని కూర్చున్న స్వప్న వదినా,

మీరు కూర్చున్న కుర్చీలు నావి. ఈ షామియానా నాది. టెంట్ హౌస్ హన్మండ్లును. పెళ్లికైనా చావుకైనా కుర్చీలు వేసి పక్కకు జరిగే మనిషిని. మైకు ముందుకు రమ్మని ఇంతవరకూ నన్నెవరూ పిలవలేదు. పిలిస్తే ఏదో కోతిపని చేస్తానని మీ అందరికీ తెలుసు. కానీ ఇవాళ మాట్లాడకపోతే ఎట్లా? మన గంగాప్రసాద్, మా స్వప్న వదిన పెనిమిటి, పోయాడు. ఆయన దుకాణానికీ నా దుకాణానికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ అవతల నుంచి ఇన్నేళ్లూ ఏవేవో చప్పుళ్లు వచ్చేవి. ఎవరో నిద్రలో పాడుతున్నట్టు. తేనెటీగ రేకు డబ్బాలో పడి తిరుగుతున్నట్టు. దూరంగా వాన మొదలైనట్టు. ఇప్పుడు రావట్లేదు. రోజూ గోడకు చెవి పెడుతున్నాను. గోడ ఉత్త గోడలాగే ఉంది.

ప్రసాద్ ఏం పని చేసేవాడు? ఊళ్లో సగం మందికి తెలియదు. టీవీలు బాగు చేస్తాడని కొందరు, మిక్సీలని కొందరు. ఒకామె ఇస్త్రీపెట్టె తెచ్చి, బాగు చేయనంటే పోట్లాడి పోయింది. ఆయన బాగు చేసేవి పాత గిటారు ఆంప్లిఫైయర్లు. ఆర్కెస్ట్రా పార్టీలు మూలకు పడేసినవి, గల్ఫ్ హోటళ్లలో అరిగిపోయి, కార్గోలో దుప్పట్ల మధ్య పడుకుని మన ఊళ్లకు చేరినవి. ముందు పాత రేడియోల్లో వెలిగే లాంటి గాజు బుడ్డి, వెనక ట్రాన్సిస్టర్లు ఉండే పెట్టెలంటే మరీ ప్రాణం. "ముంగట ముసలోడు, ఎన్క పోరడు. ఇద్దరు కల్సి పాడాలె. గదే కష్టం" అనేవాడు.

ఆయన పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల ఇంట్లో. మాట వినాలంటే పెదాలు చూడాల్సిన ఇల్లు. కరెంటు పోతే వీధి వీధంతా ఒక్కసారి ఆగిపోయేది. అందరూ తిట్టుకుంటూ బయటికొచ్చి గాలికి నిలబడేవాళ్లు. ఈయన మాత్రం లోపలే, ఆగిన మగ్గం పక్కన, చీకట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడట. ఎందుకు? "మగ్గాలాగినంక చెవుల సన్నగ గుయ్‌మంటది హన్మండ్లు. గది ఏడికెళ్లి అస్తదో సూద్దామని కూసుంటుంటి" అన్నాడు నాతో. చూశాడా? చూడలేదు. తల నెరిసినా వెతుకుతూనే ఉన్నాడు.

ఆ గుయ్ ఆయన పనిలో జబ్బు. లోపల కండెన్సర్ ఎండిపోతే పెట్టె మూలుగుతుంది. ఆ మూలుగు తీసేస్తేనే బాగైనట్టు. మరి నాకేమో గొంతుతో గుయ్ అనడం వచ్చు. బడిలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అది. దానికే ఏడో తరగతిలో బయటికి పంపారు. ఒక మధ్యాహ్నం గోడలో మేకు ఊడిన బెజ్జం దగ్గర నోరు పెట్టి అందుకున్నాను. అటు ప్రసాద్ పెట్టె మూత విప్పాడు. ఆపి, అదే బెజ్జానికి కన్ను ఆనించాను. మూత బిగించాడు. మళ్లీ అందుకున్నాను. వైర్లు కదిలించాడు, బుడ్డి మార్చాడు, పెట్టెను ఎండలోకి తిప్పి చూశాడు. నాకు ఊపిరాడక చెమటలు పట్టాయి. అప్పుడు గోడ అవతల నుంచి మెల్లగా ఒక మాట వచ్చింది. "అరేయ్ హన్మండ్లు, నీ గొంతుల కండెన్సర్ ఎండిపోయిందిరా. ఇటు రా, మారుస్త."

ఎప్పుడు కనిపెట్టాడు? మొదట్లోనే. మరి పెట్టె ఎందుకు విప్పాడు? "నువ్వు గంత మంచిగ పాడుతుంటివి, ఆపబుద్ధి కాలే" అన్నాడు. చెప్పండి, ఎవరు ఎవరిని ఆడించినట్టు?

ఇప్పుడు అసలు మాట. ఈ బల్ల మీద, ఆయన ఫోటో పక్కన ఉన్న పెట్టెను చూడండి. ఇది గంభీరావుపేట ప్రేమలతది. ఆమె భర్త జీవన్ సౌదీలో పనిచేసేవాడు. ప్రతి శుక్రవారం, సెలవు పూట, క్యాంపు గదిలో ఈ పెట్టె ముందు ఫోను పెట్టి ఆమెకు గిటారు వినిపించేవాడు. నిరుడు అక్కడే గుండె ఆగి పోయాడు. గదిలోని దోస్తులు పెట్టెను ఇంటికి పంపారు. దిగిన రోజే మరిది దాన్ని గోడ ప్లగ్గులో పెట్టాడు. ఈ పెట్టె అక్కడి నూట పది వోల్టుల కరెంటుకు అలవాటు పడ్డది. ఇక్కడి రెండువందల ముప్పై తాగి పొగ వదిలింది. తలలు ఊపుతున్నారు! అంటే మీ ఇళ్లలోనూ సౌదీ సామాను కాలిందన్నమాట.

ప్రసాద్ కాలినవన్నీ మార్చాడు. ఎండిన కండెన్సరూ మార్చాడు. కరెంటు తగ్గించే డబ్బా తగిలించాడు. ప్రేమలత వచ్చింది. స్విచ్ వేశాడు. బుడ్డి వేడెక్కింది. ఒక్క మూలుగు లేదు. మేము మురిసిపోయాం. ఆమె ముఖం వాడిపోయింది. "ఇది మా ఆయనది కాదన్నా. పాట షురూ చేసే ముంగట గుయ్‌మంటుండె. గా సప్పుడు ఇనంగనే, ఆయన ఉన్నడని తెలుస్తుండె."

జీవితమంతా తీసేసిన జబ్బును మళ్లీ పెట్టమంటే ఎవడైనా పెడతాడా? ప్రసాద్ పెట్టాడు. చిన్నచిన్న కండెన్సర్లు మార్చి మార్చి, పెట్టె మళ్లీ కాలకుండా, ఒక కొత్త గుయ్ పుట్టించాడు. ఆమె బస్సులు మారి వచ్చి విని, తల అడ్డంగా ఊపేది. ఒకసారి లావుగా ఉందనేది, ఇంకోసారి బొంగురుగా ఉందనేది. ఏదమ్మా, గిట్లనా, గట్లనా అని నేనూ నా గొంతుతో అని చూపించాను. నవ్వింది గానీ ఒప్పుకోలేదు. ప్రసాద్‌కు అన్నం సహించలేదు.

తాను చనిపోయిన రోజు పొద్దున నా దుకాణంలోకి చెప్పులు లేకుండా వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి. "మనం గాడిదలమురా. ఆమె జీవన్ పాటను ఎన్నడన్న ఎదురుంగ ఇన్నదా? ఫోన్లనే ఇన్నది! ఫోన్ల ఎట్ల ఇనస్తదో గట్ల చేయాలె. శుక్రారం ఫోన్ చేసి ఇనిపిస్త" అన్నాడు. మధ్యాహ్నం వదిన అన్నానికి పిలవడానికి వెళ్తే కుర్చీలోనే ఉన్నాడు, ఏదో వింటున్నట్టు, తల కొంచెం పక్కకు వంచి. పెట్టె మూత బిగించి ఉంది. పైన గుడ్డ కప్పి ఉంది. పని పూర్తయితేనే ఆయన గుడ్డ కప్పేవాడు. ఆ తర్వాత ఈ పెట్టె స్విచ్ ఎవరమూ వేయలేదు.

ఇవాళ శుక్రవారం. ప్రేమలత సభకు వస్తానంది. వద్దమ్మా, ఇంట్లోనే ఉండు, ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చో అన్నాను. ఇదిగో, స్పీకరు పెట్టి ఫోను కలిపాను. పెట్టె ముందు పెడుతున్నాను. నేను స్విచ్ వేశాక బుడ్డి వేడెక్కేదాకా ఏమీ వినపడదు. కంగారు పడకండి. ముసలోడు లేవడానికి టైం పడుతుంది.

మీలో కొందరు నా నోటివంకే చూస్తున్నారు. నాకు తెలుసు. గుయ్ వస్తే హన్మండ్లు గొంతే అనుకుంటారు. అందుకే ఈ గ్లాసు తెచ్చుకున్నాను. నోటి నిండా నీళ్లు పట్టి నిలబడతాను. వదినా, మీరే సాక్షి.

ఫ్యాన్లు ఆపించాను. మీ ఫోన్లు ఆపండి. ప్రసాద్ కోసం మౌనానికి మెల్లగా లేవండి, నా కుర్చీలు కిర్రుమంటాయి. గంభీరావుపేటలో ఒక మనిషి చెవి ఒగ్గి కూర్చుని ఉంది. ఆమె "గదే" అనేదాకా మనలో ఎవ్వరం చప్పుడు చేయొద్దు.

స్విచ్ వేశాను. ఇక నోట్లో నీళ్లు పట్టుకుంటున్నాను.