ఎడమది ఏది

సిరోంచలో బషీర్ మెకానిక్ షెడ్డు. నెల కింద జీపు బోల్తాపడి, దాన్ని నడిపిన కొడుకు తిరుపతిని పోగొట్టుకున్న వెంకటవ్వ, పొద్దున్నే వచ్చి గోనెసంచి ముందు పెట్టుకుని కూర్చుంది.

“ముట్టుకోవేంది బషీరూ? కరుస్తయా అవి?”

“ముట్టుకోనన్ననా అవ్వా? జర ఈ నట్టు బిగిచ్చి వస్త.”

“గా నట్టు నేనొచ్చినప్పటి సంది బిగిస్తనే ఉన్నవు.”

“జీపు ఠాణా కాడ ఉండె గదా. ఇవెట్ల తెచ్చినవు?”

“ఇగ మాకక్కర లేదు, తుక్కు తీస్కపో అన్నరు. మా పక్కింటి జంగును బతిమిలాడి ముందు చక్రాలు ఇప్పిచ్చిన. రెండు బ్రేకు డిస్కులున్నయి. నువ్వు చూడాలె, చూసి చెప్పాలె.”

“ఏం చెప్పాలె?”

“నా కొడుకు తాగలేదని చెప్పాలె.”

“ఇనుం చూసి తాగిండో లేదో ఎట్ల చెప్త అవ్వా?”

“చెప్తవు. నీ దగ్గరనే గదా వాడు పని నేర్సింది. బండెక్కితే వాడు సుక్క ముట్టడని నీకు తెల్వదా? జీపెక్కిన పెండ్లోళ్ల సీసా పగిలింది, వాసనొచ్చింది. గంతే, తాగిండనిరి. ఆ జీపుల సచ్చిన పోశక్క లేదా, ఆమె మొగడు నా వాకిట్ల ఉమ్మేసి పోయిండు బషీరూ. నీ తాగుబోతు కొడుకు నా పెండ్లాన్ని సంపిండని. ఏమనాలె నేను? ఆమె సచ్చిపాయె, నా కొడుకు సచ్చిపాయె.”

“స్వాతి ఏమంటంది?”

“కోడలా? పిల్లను సంకనేసుకొని బామ్నిల ఉన్న తల్లిగారింటికి పోయింది. ఆమె గూడ గదే మాట. మొగడు నాకు తెల్వకుండ తాగిండేమో అంటంది. ఇగ నా మనుమరాలు పెద్దగైతది, తాగుబోతు బిడ్డంటరు. ఇయ్యాల ఊర్ల పెద్దమనుషులు కూసుంటున్నరు. వాళ్లొక్క మాటంటే అయిపాయె, గదే నిలుస్తది. నువ్వొచ్చి చెప్తె ఇంటరు. బండి సంగతిల నీ మాటకు ఎదురెవరు చెప్తరు?”

“...సరే, ఇటు తే. ఈ ఎర్రగుడ్డ ఏంది?”

“ఎడమ చక్రంది. ఇప్పుతుంటే జంగుతోని కట్టిచ్చిన. రెండు కలువొద్దని.”

“కలుస్తయని నీకెవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్తరు? ఊకనే కట్టిచ్చిన. నువ్వు చూడు ముందు.”

“అరె... అవ్వా, గిటు రా. నీలం పట్టింది చూసినవా? కాలిన నీలం. గీడ పగుళ్లు సుత ఉన్నయి. తాగి సోయి లేనోడు ఇంత బ్రేకు తొక్కడు. వీడు తొక్కిండు. అడవిల దిగుడు మొదలైన కాడికెళ్లి వాగు దాక తొక్కుతనే వచ్చిండు, పాపం.”

“నీ అల్లా నీకు మేలు జేస్తడు! గిదే మాట. లే, నడు. గీ మాట వాళ్ల ముంగట అను.”

“ఆగవ్వా.”

“ఇంకేంది?”

“అంత తొక్కితే మరి బండెందుకు ఆగలే అని అడుగుతరు.”

“ఎందుకు ఆగలే?”

“ఇవి చంద్రపూర్‌ల కొన్నవే గదా? దసరాకు ముందు?”

“ఆ. పెద్ద బండివట, మంచియట. అడిగినదానికి చెప్పు బషీరూ.”

“చెప్తున్న. ఈ రెండు పలకల నడుమ చూడు. రెక్కలున్నయా, వంకరగ? చక్రం తిరిగితే గా రెక్కలు లోపటి గాలిని బయటికి తోస్తయి. అప్పుడు సల్లగుంటది. అందుకే వీటిల ఎడమది వేరు, కుడిది వేరు. బండి ముంగటికి పోతుంటే రెక్కలు ఎనకకు వాలినట్టుండాలె.”

“అట్ల లేకపోతే?”

“బిగిస్తే బిగుస్తది, బ్రేకు గూడ పడ్తది. ఊర్ల తిరిగినన్ని దినాలు ఏం తెల్వది. నిండ మందిని ఎక్కిచ్చుకొని పొడుగు దిగుడు దిగితే మాత్రం ఉడికిపోతది. ఇగ తొక్కితే పెడలు పోయి కింద ఆనుతది, బండి ఆగది.”

“నా కొడుకు ఎడమది కుడికి పెట్టిండా?”

“ఆగు, ఎర్రగుడ్డదాన్ని ఇంకోసారి చూడనీ.”

“బషీరూ.”

“పెట్టిండు. ఎడమ చక్రంది గదా ఇది, దీని రెక్కలు ముంగటికి వాలినయి.”

“వాడికి పని రాదా?”

“వాడికి రాకపోవుడేంది! నా దగ్గర నేర్సినోళ్లల్ల వాడంత పనోడు లేడు. రెండు సామాన్లు ఒక్కతీరుగ ఉంటే, కొన్న కాడనే ఎడమదాని మీద సుద్దతోని గీత గీసుకుంటడు. నేనే నేర్పిన. గీసే ఉంటడు. మరెట్ల... అవ్వా, ఈ రెక్కల సందుల పచ్చగ ఏంది?”

“పసుపు.”

“పసుపా?”

“కొత్త సామాను బండికెక్కుతుంటే ఊకనే ఎక్కిస్తమా? జిడ్డుజిడ్డుగ ఉండె. బూడిదేసి తోమిన. పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చిన.”

“నువ్వు తోమినవా?”

“నేనే. గిన్నెల తీరుగ మెరిసినయి.”

“రెండు?”

“రెండు. ఏమైంది?”

“ఏం గాలే.”

“ఏం గాకపోతే మొకం అటెందుకు తిప్పినవు?”

“దుమ్ము పడ్డది కంట్ల. అవ్వా, ఇవి సంచిల పెట్టు. తీస్కపోయి ప్రాణహితల ఏసెయ్యి. పోయినోడు పోయిండు, ఇంక ఇవన్ని ఎందుకు నీకు?”

“పెద్దమనుషుల కాడికి రావా?”

“రాను. నాకు పనుంది.”

“అయితే తాగిండా?”

“తాగలే! తాగలేదని చెప్తలేనా?”

“తాగలేదంటవు, పనొస్తదంటవు. మరి ఎడమది కుడికెట్ల పోయింది? ఏదో ఒకటి చెప్పు బషీరూ. నిద్ర పడ్తలేదు నాకు. కన్ను మూస్తే వాడు బ్రేకు తొక్కుడే కండ్లల్ల మెదుల్తది.”

“నా తప్పు.”

“ఏంది?”

“నా తప్పవ్వా. నేను రంజాన్ పండుగకు దుకాణం బందు పెట్టి అహేరి పోయిన గదా? వాడు బస్టాండ్ కాడి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసిండు. ఉస్తాద్, ఎడమది ఏది అని అడిగిండు. పైన గాట్లున్నయి గదా, అవి చూసి బిగియ్యమన్న. గాట్లు కాదు చూడాల్సింది, లోపటి రెక్కలు. బిర్యానీ తినుకుంట, తొందరల, తప్పు చెప్పిన. అందరి ముంగట గదే చెప్త. ఇగ నడు.”

“అట్ల చెప్తె ఇగ నీ షెడ్డుకు బండెవరు తెస్తరు?”

“తేకపోతే తేకపాయిరి.”

“పోశక్క మొగడు ఊకుంటడా? కొడ్తడు నిన్ను.”

“కొట్టనీ.”

“నీ పెండ్లాం జోహ్రా ఏమంటది?”

“ఇంటిది నా మాట ఇంటది. నేను చెప్పుకుంట. లే అవ్వా, ఎండైతంది.”

“అల్లా మీద ఆన పెట్టు.”

“దీనికి ఆనలెందుకు?”

“పెట్టు.”

“...అవ్వా, నీ కాళ్లు మొక్కుత. నేనన్నదే ఉండనియ్యి. తిరుపతి పేరు నిలబడ్తది, నీ మనుమరాలు ఇంటికొస్తది. ఇంకేం కావాలె నీకు?”

“నువ్వు కూసో బషీరూ. నేనొక్కదాన్నే పోత.”

“ఒక్కదానివి పోయి ఏం చెప్తవు?”

“వాడు ఆ దినం వాకిలి దాటలే. బస్టాండూ పోలే, ఫోనూ చెయ్యలే. జీపు కింద పండుకునే అడిగిండు.”

“ఎవరిని?”

“‘అవ్వా, గీతున్నది ఏదే’ అని. గీత తోమేసిన అంటే తిడ్తడనుకున్న. పొయ్యి మీద రొట్టె మాడుతుండె. ఎనకకు తిరిగి చూడకుండనే, ‘నీ చేతి కాడున్నదే పో’ అన్న.”