మింకో తాత నీడ పొడవు

ప్లోవ్‌దివ్ పట్నంలో, కారు షెడ్డునే ఆఫీసు చేసుకున్న ఒక బుల్లి కంపెనీ. ఆగస్టు పొద్దున. పెట్టుబడి పెట్టే పెద్దమనిషి కోసం తుడిచి ఉంచిన కుర్చీలో, ఆ కంపెనీ పెట్టిన కుర్రాడు ఓగ్న్యాన్ ఖర్మకొద్దీ, అప్పటికే మరొకాయన కూర్చుని ఉన్నాడు.

"ఆ ఒక్క మాటా అనెయ్ నాయనా, లేచి వెళ్ళిపోతాను. నాకు బస్సుంది."

"ఏ మాట తాతా?"

"‘మా పరికరం తప్పు కొలిచింది’ అని. అంతే. ఎంతసేపు?"

"అది మాత్రం అనను. మీ పేరేమన్నారు?"

"మింకో. అటు కొండల పక్కన బ్రెజోవో మాది. పొద్దున్నే బయల్దేరి వచ్చాను. మంచినీళ్ళు కూడా అడగలేదు నిన్ను."

"ఇదిగో, తాగండి. మింకో తాతా, ఆ గోడమీద బోర్డు ఒకసారి చదవండి. ఏం రాసుంది?"

"‘అర్షిన్. ఫోనుకి తగిలించు, గురిపెట్టు, కొలుచుకో. వెంట్రుకవాసి తేడా రాదు.’"

"అదీ. ఇంకాసేపట్లో ఒకాయన వచ్చి ఆ వెంట్రుకవాసిని నమ్మి సంతకం పెట్టబోతున్నాడు. పెట్టకపోతే ఈ షెడ్డుకి తాళమే. ఉన్న ముగ్గురం ఇంటికి పోతాం."

"నువ్వు ఆ మాట అనకపోతే నేనూ పోతాను. ఇంటికి కాదు."

"అబ్బా! సరే, మొదట్నుంచీ చెప్పండి. ఇందాక ఆయాసపడుతూ చెప్పారు, నాకు సగమే ఎక్కింది."

"మా ఊళ్ళో సోఫియా నగరం ఆసామి ఒకడు ఇల్లు కట్టిస్తున్నాడు. వాడి మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. అంతా మేస్త్రీ స్తోయిల్‌దే పెత్తనం. కొండవైపు గోడ లేపుతాడు, పగులుతుంది. పడగొట్టి మళ్ళీ లేపుతాడు, మళ్ళీ పగులుతుంది. నేను రోజూ వెళ్ళి నిలబడి చూస్తాను."

"మీకేం పని అక్కడ?"

"పనేమిటి? పింఛను తీసుకునేవాణ్ణి. ఎక్కడన్నా కట్టుబడి జరుగుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ‘అలా కాదురా, ఇలా’ అని చెప్పేవాడు ఒకడుండాలి కదా."

"ఉండాలి, ఉండాలి. నిలబడ్డారు. తర్వాత?"

"వీపుమీద ఎండ. ముందుకి నా నీడ. ఏమిటా అని చూస్తే, ఈ స్తోయిల్ నా నీడ తలకాయ దగ్గర గొంతుక్కూర్చుని, ఫోనుకి నీ డబ్బా తగిలించి, నా బూట్ల వైపు గురిపెట్టాడు. టిక్కుమంది. అంకె చూసి చీటీ మీద గీకాడు. చీటీని సిమెంటులో కుక్కి దానిమీద రాయి పెట్టేశాడు."

"అయితే?"

"‘అయితే’ అంటాడేమిటి వీడు! ఏ దేశంలో పుట్టావురా నువ్వు? మనిషి నీడ కొలిచి గోడలో పెడితే ఏమవుతుంది?"

"గోడ నిలుస్తుంది. మనిషి... ఏడాది తిరక్కుండా పోతాడు. మా అమ్మమ్మ చెప్పేది."

"మరి! పోయి ఊరుకుంటాడా? తలసామ్ అవుతాడు. దెయ్యమై ఆ ఇంటికే కాపలా తిరుగుతాడు. సోఫియా ఆసామి స్నానాలగది ముందు నేను కాపలా కాయాలా, ఈ వయసులో?"

"తాతా, మీరు ఇవన్నీ నమ్ముతారా?"

"నేనా? నమ్మడమా? కమ్యూనిస్టు పార్టీ రోజుల్లో ఊరూరా తిరిగి దేవుడు లేడు, దెయ్యం లేదు అని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేను. పతకం కూడా వేశారు. వీసమెత్తు నమ్మను. నిద్ర పట్టడం లేదు, అంతే."

"నమ్మనప్పుడు భయమెందుకు మరి?"

"గోడ నమ్మిందిగా! ఆ రోజునుంచీ చిన్న గీత పడలేదు దానిమీద. పైగా మర్నాడు స్తోయిల్ మా ఇంటికొచ్చి రాకియా సారా సీసా, సంచెడు టమాటాలు ఇచ్చి, ‘ఒంట్లో ఎలా ఉంది బాబాయ్?’ అని అడిగి వెళ్ళాడు. స్తోయిల్! పిల్లికి బిచ్చం పెట్టనివాడు! ఉత్తిపుణ్యానికి టమాటాలిస్తాడా?"

"టమాటాలు బాగున్నాయా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి. మాట మార్చకు."

"ఆ చీటీ తీసెయ్యమని అడక్కపోయారా?"

"అడిగాను. ‘ఏ చీటీ బాబాయ్?’ అన్నాడు. గోడకి పూత కూడా అయిపోయింది."

"పోనీ ఆయన ఫోన్లోంచి ఆ అంకె చెరిపేసేలా చేస్తాను. ఇక్కణ్ణుంచే అయిపోతుంది."

"గోడలోంచి చెరుపు."

"అది ఎలా... సరే, ఇది వినండి. నీడ గంటకో తీరుగా ఉంటుంది. పొద్దున పొడుగు, మధ్యాహ్నం పొట్టి. దేన్ని పట్టుకుని మీ నీడ అంటాం?"

"పొద్దున తీసిన ఫోటో మధ్యాహ్నానికి నాది కాకుండా పోతుందా?"

"అబ్బబ్బ! పోనీ, బోర్డుమీద ఏమనుంది? వెంట్రుకవాసి. అంటే వెంట్రుకవాసి అటూ ఇటూ ఉండొచ్చనే కదా. ఆ మేరకు అది మీరు కానట్టే—"

"ఒక వెంట్రుక లేకపోతే నేను మింకోని కానా? ఉన్నవే నాలుగు."

"చర్చిలో ఫాదరీని అడిగి ఏదైనా శాంతి చేయించుకోకూడదూ?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆయన తండ్రి ఎదురుగానే కదా ఉపన్యాసాలు దంచింది!"

"అయితే నన్నేం చెయ్యమంటారు చెప్పండి."

"దారి ఒక్కటే ఉంది. కొలతే తప్పయితే ఆ గోడలో నేను లేను. ఆ మాట స్తోయిల్ అంటే చెల్లదు, నేననుకుంటే చెల్లదు. డబ్బా చేసినవాడి నోటినుంచి రావాలి. చేసింది నువ్వు. అను."

"అననంటే అనను! ఏళ్ళతరబడి ఈ షెడ్డులో తిండీ తిప్పలూ మాని చేశాను దీన్ని. పెట్టుబడి పెట్టేవాడు గుమ్మం దాకా వస్తుంటే, ‘మా సరుకు పనికిరాదు’ అని కూర్చుని పాడమంటారా?"

"పాడక్కర్లేదు. మెల్లిగా చెప్పినా చాలు."

"కుదరదు."

"నాయనా, ఒక మాట చెప్పనా? నాకు భయంగా ఉందిరా. నిజంగా భయంగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేను. ఉపన్యాసాల మింకో తన నీడ చూసుకుని తనే జడుసుకున్నాడని ఊరంతా నవ్వుతుంది. రాత్రిళ్ళు మోకాళ్ళు తడుముకుంటాను, ఇంకా ఉన్నాయా అని. నీకు చెప్పానంటే, నువ్వెవరో తెలీదు కాబట్టి చెప్పాను."





"ఆ రోజు ఎండ బాగా కాసిందా తాతా?"

"ఎండ లేకుండా నీడెలా పడుతుంది? మాడు పేలిపోయింది."

"మీ బూటుమీద మా డబ్బా వేసే ఎర్ర చుక్క కనబడిందా? చిన్నది, మెరుస్తూ?"

"ఆ ఎండలో చుక్కేం కనబడుతుంది?"

"ఓరి నాయనోయ్."

"ఏమైంది? ఏమైందిరా?"

"ఏం లేదు."

"ఏం లేకపోవడం కాదు. ఏదో ఉంది. నీళ్ళు నమలకు."

"ఈ గదిలో కిటికీలు చూశారా?"

"చూసేదేముంది? అన్నిటికీ తెరలు దించేశావు. ఆగస్టు నెలలో, వంకాయల్లా ఉడికిపోతున్నాం."

"ఎందుకు దించానో మావాళ్ళకి కూడా చెప్పలేదు. తలుపు వేసుందా?"

"వేసినట్టే ఉంది. చెప్పు."

"ఎండలో అర్షిన్ పనిచెయ్యదు."

"గట్టిగా చెప్పు, చెవి వినబడదు."

"ఎండలో మా అర్షిన్ పనిచెయ్యదు! నీడపట్టున పెట్టామా, బంగారం. ఎండలోకి తెచ్చామా, దానికి కళ్ళు కనబడవు. ఏదీ కొలవదు."

"కొలవకపోతే అంకె ఎలా వచ్చింది? నా కళ్ళతో చూశాను, చీటీ మీద రాసుకున్నాడు."

"అదే నేను చేసిన వెధవపని. మొదట్లో ‘తెలియడం లేదు’ అని చూపించేది. జనం డబ్బాలు తెచ్చి నా మొహాన కొట్టారు. అందుకని... ఎండలో దిక్కుతోచకపోతే, అంతకుముందు దేన్ని కొలిచిందో ఆ అంకే మళ్ళీ చూపించేలా పెట్టాను. చలికాలంలో తీరిగ్గా సరిచేద్దామనుకున్నా. చలికాలం వచ్చింది, ఎండే లేదు, మర్చిపోయాను."

"అంటే... ఆగు. అంటే ఆ గోడలో ఉన్నది?"

"మీకంటే ముందు స్తోయిల్ దేన్ని కొలిచాడు? గుర్తుందా?"

"గుర్తులేకేం, పక్కనే ఉన్నాను. కూలీల మరుగుదొడ్డి. తలుపు పొడుగు సరిపోవడం లేదని లోపల దూరి కొలుచుకున్నాడు. ‘అలా కాదురా, ఇలా’ అని చెప్పాను కూడా."

"లోపల చీకటేగా?"

"కటిక చీకటి."

"అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది మా అర్షిన్. తాతా, ఆ గోడలో మీరు లేరు. మరుగుదొడ్డి తలుపుంది."

"నా నీడ కాదూ?"

"కాదు."

"ఒట్టు?"

"మా అమ్మమ్మ మీద ఒట్టు. మీ నీడని నా డబ్బా చూడను కూడా లేదు."

"అమ్మయ్య! నెత్తిన పాలు పోశావురా నాయనా! నీ కడుపు చల్లగా ఉండ! ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి... ఒక్కటే కొంచెం..."

"మళ్ళీ ఏమిటి?"

"కొంచెం చిన్నతనంగా ఉందిరా. గోడ అంత గట్టిగా నిలబడింది. నేననే అనుకున్నాను."

తలుపు వేసి లేదు. కోటు చేతిమీద వేసుకుని గుమ్మంలో ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఓగ్న్యాన్ అంటే నువ్వేనా?"

"కల్చెవ్ గారూ! రండి రండి. తాతా, లేవండి, లేవండి. మీరు... వచ్చి ఎంతసేపైంది సార్?"

"‘గట్టిగా చెప్పు, చెవి వినబడదు’ అన్న దగ్గర్నుంచీ ఉన్నాను."

"సార్, అది నేను వివరంగా—"

"వద్దు. ఎండలో పనిచెయ్యదు, అంతేగా? ఏ వస్తువైనా ఎక్కడో ఒకచోట పనిచెయ్యదు. బాగుచేసుకుంటారు. నా గుండె జారింది అందుకు కాదు. అసలు నేను మీ దగ్గరికి ఎందుకొచ్చానో తెలుసా?"

"మా బోర్డు చూసి..."

"బోర్డూ లేదు, గీర్డూ లేదు. మా మేస్త్రీ చెప్పాడు. ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నాను. గోడ నిలవక ప్రాణం తీసేది. ఈ పరికరం కొన్న దగ్గర్నుంచీ ఒక్క గీత పడలేదన్నాడు. గోడలు నిలబెట్టే డబ్బా అంటే ఎవడు పెట్టుబడి పెట్టడు?"

"మీ మేస్త్రీ పేరు... సార్?"

"స్తోయిల్."

"ఓహోహో! ఆ సోఫియా ఆసామివి నువ్వేనా బాబూ?"

"మీరు మింకో గారు కదూ? స్తోయిల్ చెప్పాడు మీ గురించి. ఒంట్లో ఎలా ఉంది?"

"ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళు మండుతోంది నాకు! నీకు తెలిసే జరిగిందా ఈ దౌర్భాగ్యం?"

"నాకేం తెలీదండీ. ‘ఒక పెద్దాయన ఉన్నాడు, ఎలాగూ వయసైపోయింది’ అన్నాడు వాడు. ‘ఊఁ’ అన్నాను నేను. అంతే. ఇలాంటివి నేను నమ్మను."

"నేనూ నమ్మను."

"నేనైతే అసలు నమ్మను సార్."

"చూశారా, ముగ్గురం తెలివైనవాళ్ళం. కానీ వచ్చేవారం ఆ గోడమీద పైకప్పు వేస్తున్నాం. మా ఆవిడా పిల్లలూ దానికింద పడుకోవాలి. అది మరుగుదొడ్డి తలుపు మీద నిలబడిందని నాకిప్పుడు తెలిసిపోయింది. కొంప ముంచావు ఓగ్న్యాన్! తెలియకపోతే హాయిగా పడుకునేవాళ్ళం."

"పునాది ఒకసారి ఎవరికైనా చూపిస్తే సార్, నేల జారుతోందేమో—"

"చూపించాను. నేల రాయిలా ఉందిట. సరే, జరిగిందేదో జరిగింది. సంతకం ఇవాళే పెడతాను."

"సార్! నిజంగానా సార్? మీరు దేవుడు సార్!"

"దేవుడు లేడు."

"మీరూరుకోండి తాతా! కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి సార్, ఇదిగో కలం, ఈ బల్లమీద—"

"ఇక్కడ వద్దు. ఉక్కగా ఉంది. వీధిలో పెట్టుకుందాం."

"వీధిలోనా? అంత ఎండలోనా సార్?"

"ఎండ ఉండాలి. స్తోయిలే కారు నడుపుకుంటూ తీసుకొచ్చాడు నన్ను, బయటే ఉన్నాడు. ఈసారి ఫోనూ వద్దు, డబ్బా వద్దు. వాడి జేబులో కొలిచే తాడుంది. నేను సంతకం పెట్టేలోపు నువ్వు ఊరికే ఒకచోట కదలకుండా నిలబడితే చాలు."

"తాతా... మీరేమంటారు?"

"నేననేదేముంది? ఉపన్యాసాల్లో ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి. నీడ అంటే వెలుతురు పడని చోటు, అంతకుమించి ఏమీ కాదు అని. వెళ్ళు నాయనా. భయమెందుకు?"

"భయమా? నాకా? ఇంజనీరుని నేను! భయమేమిటి!"

"అయితే రా మరి. మళ్ళీ ఎండ ఇంటి వెనక్కి పోతుంది."

"వస్తున్నా సార్, వస్తున్నా. ఒక్క నిమిషం... గొడుగు వేసుకుని రావచ్చా?"