ఏరుకొచ్చిన రొయ్యలు

నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు గట్టు. మచిలీపట్నం ల్యాబులో పనిచేసే మేనకోడలు గ్రేసు, చెరువు యజమాని అయిన ఆమె మేనమామ చిన్న టెస్టు పెట్టె ముందు కూర్చున్నారు.

“ఇవేంటి మావయ్యా, పెళ్ళిచూపులకి తెచ్చినట్టు బలిసినవే ఏరుకొచ్చావు?”

“ల్యాబుకి ఇచ్చేటప్పుడు నా చెరువు పరువు చూసుకోవద్దా?”

“అందుకే గట్టువార నీరసంగా తిరిగేవాటిని నేనే పట్టాను. ఎడమ గొట్టం నీ అందగత్తెలది, కుడిది నావాటిది. జబ్బు క్రిమి ఉంటే గులాబీ రంగు పసుపవుతుంది.”

“ఎప్పటికి? పోయినేడు రిపోర్టు మూడో రోజున వచ్చింది. ఈలోపు రొయ్యలన్నీ చచ్చిపోయాయి.”

“ఇది నలభై నిమిషాలే. ఇంకో రెండు నిమిషాలున్నాయి.”

“త్వరగా కానీ. తూమెత్తి నీళ్ళు మార్చాలి.”

“ఎత్తకు! ఎడమది గులాబీగానే ఉంది, కుడిది చూడు.”

“పసుపు! మేత శుభ్రంగా తింటున్నాయి కదే?”

“ఇప్పుడే మొదలైంది మావయ్యా. తూమెత్తి ఉంటే కాలవ కింద చెరువులన్నిటికీ అంటుకునేది. ఆ చెరువుల వాళ్ళకి నువ్వే చెప్పాలి. పరువు పోతుందంటావేమో.”

“ఫోన్ ఇటివ్వు. డేనియల్ బావా! మా చెరువుకి జబ్బొచ్చింది, తూము ఎత్తట్లేదు. గట్టిగానే చెప్తున్నా, అందరినీ విననీ! ఎవరు కనిపెట్టారా? మా గ్రేసు! నలభై నిమిషాల్లో! నీ రొయ్యలు కూడా పట్టుకురా. బలిసినవి కాదు బావా, నీరసంగా ఉన్నవి!”